కాలేజీ మానేసే పిల్లలు చెప్పి వెళ్ళరు

డిగ్రీ కాలేజీలో కొత్తగా లెక్చరర్‌గా చేరబోతున్న ఒకమ్మాయి ఈమధ్య మా ఇంటికి వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లే. "మేడం గారూ, ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైనది ఏవిటండీ?" అని అడిగింది. సిలబస్ పూర్తి చేయడం అంటాననో, పేపర్లు దిద్దడం అంటాననో అనుకున్నట్టుంది. చేరిన పిల్లల్ని చివరిదాకా నిలపడం అన్నాను. అదేం కష్టం అన్నట్టు చూసింది. ఆ సాయంత్రం ఆమెతో మాట్లాడుతుండగానే బస్సు వేళయిపోయింది. చెప్పాలనుకున్నదంతా చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను.

నేను బోటనీ చెప్పాను. పనిచేసిన కాలేజీలు కొన్ని ఉన్నాయి కానీ, ఎక్కువ కాలం ఉన్నది కొల్లేటి ఒడ్డున ఉన్న ఒక చిన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో. ప్రమోషన్లు, బదిలీలు ఎవరికైనా ఒకేలా ఉంటాయి కాబట్టి వాటి సంగతి వదిలేస్తాను.

రైలు కిటికీ

మా ఇల్లు తాడేపల్లిగూడెంలో. పొద్దున్నే పాసింజరు ఎక్కి ఏలూరులో దిగి, అక్కణ్ణుంచి కొల్లేటి వైపు వెళ్ళే బస్సు పట్టుకునేదాన్ని. చేబ్రోలు, పూళ్ళ, భీమడోలు. మంచు పట్టే నెలల్లో స్టేషన్ల పేర్లు కూడా కనపడేవి కావు. రైలు కదులుతున్నట్టు ఉండేది కాదు; మేం ఉన్నచోటే ఉంటే వరిచేలు మెల్లగా వెనక్కి తేలిపోతున్నట్టుండేది. బస్సు కొల్లేటి రోడ్డెక్కాక అటూ ఇటూ నీళ్ళు. నీళ్ళేవో ఆకాశమేదో తెలిసేది కాదు. మధ్యలో ఎక్కడో గూడబాతులు గుంపుగా కూర్చుని, మంచులోంచి ఒక్కొక్కటే బయటపడేవి.

ఆ మంచు కళ్ళలో ఉండగానే క్లాసులోకి వెళ్ళి హాజరు పిలిచేదాన్ని. కొన్ని పేర్లకి జవాబు వచ్చేది కాదు. పిలిచిన పేరు కాసేపు గదిలో నిలబడి, ఎవరూ అందుకోకపోతే కిటికీలోంచి బయటికి వెళ్ళిపోయినట్టు అనిపించేది. మొదటి రోజు ఎవరూ పట్టించుకోరు. వారం గడిస్తే పక్కనున్న పిల్లలు "రావట్లేదండీ" అంటారు. నెల గడిస్తే ఆ పేరు దగ్గర మన గొంతు దానంతటదే తగ్గిపోతుంది. ఇంకొన్నాళ్ళకి పిలవడం మానేస్తాం.

కాలేజీ మానేయడమంటే ఒక నిర్ణయమని చేరిన కొత్తలో అనుకునేదాన్ని. ఇంట్లో కూర్చుని ఆలోచించుకుని, ఇక వద్దు అనుకుంటారని. అలా మానేసినవాళ్ళని నేను చాలా కొద్దిమందిని చూశాను. మిగతావాళ్ళంతా ఒక రోజు రాలేకపోయినవాళ్ళు. ఆ మర్నాడు కూడా రాలేకపోయినవాళ్ళు. వాళ్ళని అడిగితే, తాము కాలేజీ మానేశామని వాళ్ళకే తెలియదు. రేపు వెళ్దామనే అనుకుంటూ ఉంటారు.

శాతం

మా ప్రిన్సిపాల్ రామకోటేశ్వరరావు గారు కామర్స్ మనిషి. ఇస్త్రీ చెదరని చొక్కా, వేళకి రావడం, ఎవరినీ ఏకవచనంతో పిలవకపోవడం ఆయన పద్ధతులు. చెడ్డవారు కాదు. ఆయన భయమల్లా ఒక్కటే, రిజల్టు. పై ఆఫీసువాళ్ళు అడిగేది పరీక్ష రాసినవాళ్ళలో ఎంతమంది పాసయ్యారన్నది. చేరినవాళ్ళలో ఎంతమంది మిగిలారని ఆ రోజుల్లో గట్టిగా అడిగినవాళ్ళు లేరు. ఈ రెండు ప్రశ్నలకీ మధ్య ఎంత తేడా ఉందో కొత్తగా చేరేవాళ్ళు మొదటి రోజునే తెలుసుకోవాలి. బలహీనంగా ఉన్న పిల్లలు పరీక్షదాకా రాకపోతే పాసు శాతం పెరుగుతుంది. అంటే కాలేజీ ఎంత ఖాళీ అయితే రిజల్టు అంత బాగా కనపడుతుంది.

"మేడం, రానివాళ్ళని మనం మోసుకుంటూ తిరగలేమండీ. హాజరు లేనివాళ్ళని డిటైన్ చేసేయండి. ఉన్నవాళ్ళని బాగా చూసుకుందాం," అనేవారాయన. ఈ మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే దాన్ని కాదనడం కష్టం.

ఆ ఏడు నా రెండో సంవత్సరం క్లాసులో భవాని అనే అమ్మాయి రావడం మానేసింది. ఒక లంక గ్రామం నుంచి వచ్చేది. వాళ్ళది చేపలు పట్టే కుటుంబం. బోటనీ ప్రాక్టికల్స్‌లో కాండాన్ని అంత పల్చగా కోసి స్లయిడు మీద పెట్టగలిగిన పిల్లని మళ్ళీ చూడలేదు. మొదటి సంవత్సరంలో కాలేజీకి ఫస్టు వచ్చింది. ప్రిన్సిపాల్ గారికి కూడా ఆమె పేరు గుర్తుంది.

ఫోన్ చేశాను. "రేపు వస్తానండీ," అంది. మళ్ళీ చేశాను. "తప్పకుండా వస్తానండీ మేడం గారూ," అంది. ఫోన్లో పిల్లలందరూ వస్తామనే చెబుతారు. అబద్ధం కాదు, ఆ క్షణాన నిజంగానే అనుకుంటారు. ఫోన్ పెట్టేశాక మళ్ళీ ఎక్కడివాళ్ళు అక్కడే.

అందుకని ఒక ఆదివారం వెళ్ళాను.

లంక

భవాని తండ్రి పేరు వెంకటేశ్వర్లు. వెంకటేశ్వర్లు రోడ్డు దగ్గరికి వచ్చి, చేపల చెరువుల గట్టు మీద నన్ను నడిపించుకుంటూ రేవుదాకా తీసుకెళ్ళాడు. చాలా దూరమే. గట్టు పొడుగునా మేత బస్తాల లారీలు, చెరువుల దగ్గర పనివాళ్ళు. మనుషులు కనపడతారు గానీ ఇళ్ళు కనపడవు. రేవులో దోనె ఎక్కాం. గుర్రపుడెక్క దోనె అంచుకి ఒరుసుకుంటూ పక్కకి జరిగేది. ఆయన గెడ వేస్తుంటే, దాని చివరినుంచి నీళ్ళు జారే చప్పుడు తప్ప ఏమీ లేదు. క్లాసులో ఏళ్ళ తరబడి బోర్డు మీద గీసిన నీటి మొక్కలన్నీ నా చుట్టూ ఉన్నాయి. నాకు కాసేపు నేనెందుకు వచ్చానో గుర్తులేదు. ఇలా ప్రతి పొద్దునా వచ్చే పిల్ల మొదటి గంటలో అలా కలలో ఉన్నట్టు ఎందుకు కూర్చునేదో అప్పుడు తెలిసింది. ఆమె శరీరం ఇంకా ఒడ్డు చేరి ఉండేది కాదు.

భవాని గుమ్మం ముందు చిన్న రొయ్యలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేచి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఎందుకు మానేశావని అడగలేదు. ఆ ప్రశ్న అడిగితే పిల్లలు నేరం చేసినట్టు ముడుచుకుపోతారని అప్పటికే నేర్చుకున్నాను. "రేపు రావడానికి అడ్డేమైనా ఉందామ్మా?" అన్నాను.

"అడ్డేం లేదండీ."

"మరి?"

"సలోమి రావట్లేదు కదండీ," అంది.

సలోమి కూడా నా క్లాసే. పక్క లంక పిల్ల. మార్కులు అంతంతమాత్రం. నోరు విప్పేది కాదు. ఆమె రావడం మానేసి అప్పటికి ఇంకా ఎక్కువ రోజులైంది. నిజం చెప్పాలంటే కాలేజీలో ఆమె గురించి అడిగినవాళ్ళు లేరు.

"ఇద్దరం కలిసి దాటేవాళ్ళమండీ. దిగినాక గట్టమ్మట నడవాలి కదండీ రోడ్డుదాకా," అంది భవాని.

లోపల్నుంచి వాళ్ళమ్మ వచ్చింది. "ఒక్కదాన్నెలా పంపమంటారండీ? మీరు చూశారు కదండీ గట్టు. వాళ్ళు చెడ్డోళ్ళని కాదండీ. ఆడపిల్ల ఒక్కతే కనపడితే ఏదో ఒకటి అంటారు కదండీ. రెండ్రోజులు ఈయన దింపొచ్చాడు. రోజూ పని మానుకుని దింపలేడు కదండీ."

ఈ మాట ఏ రిపోర్టులోనూ నేను చదవలేదు. పేదరికం, పెళ్ళిళ్ళు, ఆసక్తి లేకపోవడం అని కారణాలు రాస్తుంటాం. తోడు పోయిందని రాయడానికి గడి లేదు. ఒక పిల్ల మానేస్తే ఆమెతోపాటు ఇంకో పిల్ల చప్పుడు లేకుండా మానేస్తుంది. మనం రెండో పిల్లకి కారణం వెతుకుతూ ఉంటాం.

"సలోమి వాళ్ళ ఇంటికి వెళ్దాం పద," అన్నాను.

ఏసోబు సలోమి తండ్రి. ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా రోజులు చెరువుల మీద కూలిపని. మేం వెళ్ళేసరికి ప్రార్థన అయిపోయి జనం ఇళ్ళకి వెళ్తున్నారు. సలోమి తెల్లచీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఎంత చిక్కిపోయిందంటే మొదట ఆమె అక్క అనుకున్నాను.

"కామెర్లండీ," అన్నాడు ఏసోబు. "పసరు పోయించామండీ. తగ్గలేదు. ఏలూరు పెద్దాసుపత్రిలో పెట్టామండీ. ఇప్పుడు బాగానే ఉందండీ."

"మరి కాలేజీకి రావొచ్చు కదమ్మా?"

సలోమి నా మొహంలోకి వింతగా చూసింది. "నన్ను తీసేశారు కదండీ."

"ఎవరన్నారు?"

"ఆసుపత్రి నుంచి వచ్చాక ఆఫీసుకి వెళ్ళానండీ. డిటైన్డ్ అన్నారండీ. వెళ్ళిపొమ్మన్నారండీ."

"డిటైన్డ్ అంటే తీసేయడం కాదమ్మా. హాజరు తక్కువైంది, వచ్చే ఏడాది మళ్ళీ ఇదే సెమిస్టర్‌కి రమ్మని."

"అప్పటికి భవాని ముందుకెళ్ళిపోద్ది కదండీ," అంది. కాలేజీ ఉందా పోయిందా అన్నది కాదు, ఆమెకి ఆ మాటలో వినపడింది అదే.

ఆఫీసులో ఆ మాట అన్నవాడు కఠినుడేం కాదు. రోజుకి నలుగురికి చెప్పే మాట, తల ఎత్తకుండా చెప్పి ఉంటాడు. మనం వాడే ఇంగ్లీషు మాటలు పిల్లల ఇళ్ళకి వెళ్ళాక ఏ అర్థంలో స్థిరపడతాయో మనకి తెలియదు. ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళకి నా సలహా: ఏ మాట చెప్పినా, "నీకేమని అర్థమైందమ్మా?" అని తిరిగి అడగండి. నేను రిటైరయ్యేదాకా అడిగాను. వచ్చిన జవాబులు ఒక్కోసారి నిద్ర పట్టనిచ్చేవి కావు.

తిరిగొస్తుంటే దోనెలో భవాని కూడా వచ్చింది, నన్ను దింపడానికి. ఎండ వాలింది. కలువ ఆకుల మధ్య నత్తగుల్ల కొంగలు నడుస్తున్నాయి.

ప్రిన్సిపాల్ గారి గది

సోమవారం పొద్దున్నే వెళ్ళి జరిగింది చెప్పాను. జబ్బు చేసినవాళ్ళకి హాజరు కొంత తక్కువైనా, ప్రిన్సిపాల్ సిఫారసు చేస్తే యూనివర్సిటీ పరీక్షకి అనుమతించే వీలుంది. దానికి గడువు దగ్గర పడింది. ఆఫీసులో డిటైన్డ్ అన్నా, సలోమి హాజరు ఆ సడలింపుకి సరిగ్గా సరిపోయేంత ఉంది.

"భవానిని రమ్మనండి," అన్నారాయన వెంటనే. "ఆ అమ్మాయికి డిస్టింక్షన్ వస్తుంది. ఏం కావాలన్నా చేద్దాం. రెండో అమ్మాయి సంగతి వదిలేయండి మేడం. వచ్చినా నిలబడదు."

"రెండో అమ్మాయి రాకపోతే మొదటి అమ్మాయి రాదండీ."

"అదేవిటండీ?"

"దారిలో తోడు లేదండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తోడు కోసం ఇంకొకరికి సిఫారసు చేయాలా? ఏ రూల్లో ఉందండీ?"

"జబ్బుకి రూలుంది కదండీ. మీరు జబ్బు కోసమే సంతకం పెట్టండి. తోడు దానంతటదే వస్తుంది."

"ఫెయిలవుతుంది మేడం."

"అవుతుందండీ. ఒకటి రెండు పోతాయి. తరవాత రాసుకుంటుంది."

"మన శాతం?"

నాకు కోపం వచ్చింది కానీ, ఆయన మొహం చూస్తే కోపం నిలవలేదు. నిజంగా భయపడుతున్నారు. ఏ మీటింగులోనో అందరి ముందూ లేచి నిలబడి జవాబు చెప్పుకోవలసిన మనిషి ఆయన. నేను కాదు. "మన శాతం తగ్గుతుందండీ. కానీ ఆ ఇద్దరూ మన పిల్లలేనండీ. వాళ్ళకి ఇంకో కాలేజీ లేదు," అన్నాను.

అటెండరు టీ తెచ్చి పెట్టి వెళ్ళాడు. చివరికి ఆయన కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టారు. "ఫెయిలైతే స్టాఫ్ మీటింగులో మీ పేరు చెబుతాను," అన్నారు.

"చెప్పండి," అన్నాను.

ఆ బుధవారం ఇద్దరూ వచ్చారు. హాజరు పిలుస్తూ సలోమి పేరు దగ్గర ఆగాను. "ఎస్ మేడం" అన్న గొంతు ఎంత చిన్నదో! భవాని ఆమె వైపు తిరిగి నవ్వింది. అంతే, క్లాసులో ఇంకెవరికీ ఏమీ తెలియలేదు.

పరీక్షలు రాశారు. సలోమికి రెండు పేపర్లు పోయాయి. ప్రిన్సిపాల్ గారు మాట నిలబెట్టుకుని మీటింగులో నా పేరు చెప్పారు. తరవాత వరండాలో కలిసి, "ఏమనుకోకండి మేడం," అన్నారు. "ఆ అమ్మాయిని మళ్ళీ రాయించండి," అని కూడా అన్నారు.

అడ్మిషన్ల వేళ

అప్పటినుంచి అడ్మిషన్లకి వచ్చిన ప్రతి పిల్లనీ, పిల్లాడినీ ఒక ప్రశ్న అడిగేదాన్ని. "నీతోపాటు ఎవరొస్తారు?" ఎవరూ లేరంటే, అదే దారిలో వచ్చేవాళ్ళని చూసి పక్కన కూర్చోబెట్టేదాన్ని. ఒకరు రాకపోతే ఆ రోజే రెండోవారిని అడిగేదాన్ని. బస్సు ఆలస్యమయ్యే ఊళ్ళ పిల్లల కోసం మొదటి గంట లైబ్రరీకి మార్పించుకున్నాం. పెద్ద పనులేం కాదు. ప్రభుత్వం పంపిన పథకాలు చాలా చూశాను, కొన్ని మంచివే. కానీ పిల్లలు నిలిచింది ఎక్కువగా ఇలాంటి చిన్న విషయాల మీదే అని నా నమ్మకం. పక్క కాలేజీ మిత్రులతో కూడా చెప్పేదాన్ని: పిల్లలు జతగా వస్తారు, జతగా పోతారు. జతని కాపాడితే చాలు.

అలా సిద్ధాంతం చెప్పుకు తిరుగుతున్న రోజుల్లోనే అది సగం తప్పని తేలింది.

ఒక్కతే

మూడో సంవత్సరం మొదట్లో భవాని తండ్రికి భీమవరం అవతల ఎక్కడో చెరువుల కాపలా పని దొరికింది. కాపలాకి వెళ్ళేవాళ్ళు కుటుంబంతో సహా గట్టు మీదే పాక వేసుకుని ఉంటారు. భవాని కూడా వెళ్ళిపోయింది. చెప్పి వెళ్ళిన పిల్ల నా సర్వీసులో ఆమె ఒక్కతేనేమో. "తమ్ముళ్ళు చిన్నోళ్ళు కదండీ, అమ్మకి ఓపిక లేదండీ. మళ్ళీ వస్తానండీ," అంది. తోటి పిల్లలు ఆమెని బస్సు దాకా సాగనంపారు. నేను క్లాసులోనే ఉండిపోయాను. ఆ కిటికీలోంచి రోడ్డు కనపడదు. అదే మంచిదనిపించింది.

ఇక సలోమి కూడా రాదనుకున్నాను. మర్నాడు హాజరు పిలుస్తూ ఆమె పేరు దగ్గర నా గొంతు తగ్గింది కూడా.

"ఎస్ మేడం."

తలెత్తి చూశాను. భవాని చోటు ఖాళీగా ఉంది. పక్కన సలోమి. ఆ మర్నాడూ వచ్చింది. వారమంతా వచ్చింది. వర్షాలు పడి గట్లు జారుతున్న రోజుల్లో చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేది.

ఉండబట్టలేక అడిగాను. "ఎవరితో వస్తున్నావమ్మా?"

"ఒక్కదాన్నేనండీ."

"భయం లేదా?"

"ఉందండీ. మొదట్రోజు లారీ మీద కుర్రాళ్ళు ఏదో అన్నారండీ. ఆగి, 'ఏవండీ, మీ పేరేంటండీ? డిగ్రీ కాలేజీకెళ్తున్నానండీ, రోజూ ఇదే దారండీ' అన్నానండీ. వాళ్ళకే సిగ్గేసింది. ఇప్పుడు బురదగా ఉంటే లారీ ఆపి పక్కకి జరుగుతారండీ," అంది.

నోరు విప్పదని నేననుకున్న పిల్ల. ఆమె వెళ్ళిపోయాక ల్యాబులో ఒంటరిగా కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనుషుల్ని నిలిపేది తోడే, కాదనను. కానీ కొన్నాళ్ళు తోడు దొరికిన మనిషి ఆ తరవాత ఏమవుతుందో ఎవరం చెప్పలేం. అది సిద్ధాంతాలకి అందదు.

సలోమి పోయిన పేపర్లన్నీ రాసుకుంది. డిగ్రీ చేతికొచ్చింది. ఇప్పుడు మా తాడేపల్లిగూడెంలోనే, అరటి మొక్కలు పెంచే ఒక ల్యాబులో పని చేస్తోంది. గాజు సీసాల్లో వేలి గోరంత మొక్కలు వరసలుగా ఉంటాయి. ఒకసారి వెళ్ళి చూశాను. తెల్లటి దీపాల కింద ఆ పచ్చటి గది నీళ్ళ అడుగున ఉన్నట్టుంది.

లెక్కలోకి రాని పాసు

నేను రిటైరయ్యాక ఒక రోజు సలోమి ఫోన్ చేసింది. "మేడం గారూ, భవాని యూనివర్సిటీ అనుమతి తెచ్చుకుని మిగిలిన పేపర్లు రాస్తోందండీ. పరీక్షల రోజుల్లో నా రూములోనే ఉంటుందండీ. ప్లాంట్ ఫిజియాలజీ ఒకసారి చెబుతారాండీ?"

ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. భవాని ఎండకి నల్లబడింది. చేతులు గరుకుదేరాయి. ఇంటర్నెట్టులో పాఠాలు వింటూ, చెరువు గట్టు మీద తమ్ముళ్ళకి వండిపెడుతూ, ఇన్నాళ్ళూ పుస్తకాలు వదల్లేదట. పుస్తకం తీస్తే వాళ్ళమ్మ 'కాలేజీ మొదలెట్టావా' అనేదట. కిరణజన్య సంయోగక్రియ మొదలుపెట్టాను. సగంలో నన్ను ఆపి, ఆమే మిగతాది చెప్పేసింది. సలోమి గోడకి ఆనుకుని కూర్చుని, తనకి అర్థమైనదీ కానిదీ అంతా తలూపుతూ వింది. ఆ సాయంత్రాలు ఎలా గడిచాయో నాకు సరిగా గుర్తులేదు. ఫ్యాను తిరగడం, ఇద్దరి గొంతులూ, మధ్యలో రైలు కూత.

భవాని పాసైంది. ఆమె చేరిన బ్యాచి లెక్క ఎప్పుడో ముగిసింది. ఈ ఏటి బ్యాచిలో ఆమె లేదు. కాబట్టి ఆ పాసు ఏ శాతంలోకీ రాదు. ఎవరి రిపోర్టులోనూ కనపడదు. లెక్చరర్లుగా కొత్తగా చేరేవాళ్ళు ఇలాంటి పాసుల కోసం కూడా పని చేయాలి. ఎవరూ అభినందించరు.

రిజల్టు చూసుకున్న రోజు భవానే ఫోన్ చేసింది. వెనక గాలి హోరు, చెరువు నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్న చప్పుడు.

"పాసయ్యానండీ మేడం గారూ. అమ్మకి చెప్పానండీ."

"ఏమంది?"

"నాలుగుసార్లు చెప్పించుకుందండీ. తరవాత దిగులుగా మొహం పెట్టి, అయితే ఇంక రేపట్నుంచి నీకు కాలేజీ లేదా అందండీ."